ఇంట్లో కంప్యూటర్ ఐపీ అడ్రస్ ఏది? అడిగేది ఎవరన్నదాన్ని బట్టి జవాబు

నెట్‌వర్క్‌లో ఒక పరికరాన్ని గుర్తుపట్టే నంబరే ఐపీ అడ్రస్. విండోస్ కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ (ఆదేశాలు టైప్ చేసే కిటికీ) తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొడితే 192.168.1.5 లాంటి నంబరు కనిపిస్తుంది. అదే కంప్యూటర్‌లో బ్రౌజర్ తెరిచి, ఐపీ అడ్రస్ చూపించే ఏదో ఒక సైట్‌కి వెళ్తే 203.0.113.25 లాంటి, మొదటిదానితో పొంతనే లేని నంబరు వస్తుంది. (203.0.113తో మొదలయ్యేవి ఉదాహరణల్లో వాడుకోవడానికని విడిగా తీసిపెట్టిన నంబర్లు. ఎవరింటికీ ఇవ్వరు.) రెండూ నిజమైనవే. కానీ ప్రింటర్‌కి చెప్పాల్సింది మొదటిది, దూరాన ఉన్న వెబ్‌సైట్‌కి తెలిసేది రెండోది. ఈ తేడా తెలియక ఒకచోట కొట్టాల్సింది ఇంకోచోట కొట్టి, నెట్ వాళ్లకి ఫోన్ చేసి, వాళ్లు రూటర్ ఒకసారి ఆపి ఆన్ చేయమంటే చేసి, మళ్లీ మొదటికొచ్చేవాళ్లు ఎంతోమంది. అందుకే నంబరు వెతకడానికి ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: ఈ కంప్యూటర్‌ని చేరుకోవాల్సింది ఎవరు? ఇంట్లోని ఇంకో పరికరమా, బయటివాళ్లా?

ముందు ఇంటి లోపలి నంబరు సంగతి. విండోస్ 11లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో వైఫై, అందులో ప్రాపర్టీస్ తెరిస్తే ఐపీవీ4 అడ్రస్ అన్న వరస కనిపిస్తుంది. మ్యాక్‌లో సిస్టమ్ సెట్టింగ్స్, వైఫై, డీటెయిల్స్. ఆండ్రాయిడ్ ఫోన్‌లో వైఫై పేరు పక్కనున్న చక్రం గుర్తు, ఐఫోన్‌లో గుండ్రటి గీతలో ఉన్న ఐ గుర్తు. లైనక్స్ వాడేవాళ్లకి ఎలాగూ తెలిసే ఉంటుంది.

కమాండ్ ప్రాంప్ట్ దారిలో వెళ్తే ఒక చిక్కుంది. ఒక్క నంబరు కోసం చూస్తే స్క్రీన్ నిండా నాలుగైదు పేరాలు వచ్చిపడతాయి. ఈథర్‌నెట్ అడాప్టర్ అని ఒకటి, దాని కింద 'మీడియా డిస్‌కనెక్టెడ్'. చివర నక్షత్రం గుర్తుతో లోకల్ ఏరియా కనెక్షన్ అని రెండు. బ్లూటూత్ ఒకటి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి లాప్‌టాప్ అయితే వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) వేసిన 192.168.56.1, ఆఫీసు వీపీఎన్ (ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లే దారి) ఇచ్చిన 10తో మొదలయ్యే నంబరు కూడా. వీటిలో అసలుది ఏదో పట్టుకోవడానికి తేలిక మార్గం డిఫాల్ట్ గేట్‌వే అన్న వరస చూడటం. ఏ పేరాలో ఆ వరసకి ఎదురుగా 192.168.1.1 లాంటి నంబరు ఉంటే, ఇంటి నెట్ ఆ దారినే నడుస్తోందన్నమాట. దానికి పైనున్న ఐపీవీ4 అడ్రసే కావాల్సింది. ఆ గేట్‌వే నంబరు రూటర్‌ది. దాన్ని బ్రౌజర్‌లో కొడితే రూటర్ సెట్టింగ్స్ పేజీ తెరుచుకుంటుంది. జియోఫైబర్ ఇళ్లలో అది మామూలుగా 192.168.29.1. మిగతా చాలా రూటర్లలో 192.168.1.1 లేదా 192.168.0.1.

నంబరు మొహం చూసి చాలా సంగతులు చెప్పొచ్చు. 192.168తో మొదలైనా, 10తో మొదలైనా, 172.16 నుంచి 172.31 మధ్య ఉన్నా అది లోపలి నంబరే. ఈ మూడు వరసలనీ 1996లో ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవాళ్లు ఇళ్లకీ ఆఫీసులకీ లోపల వాడుకోవడానికని వదిలేశారు. అందుకే అనంతపురంలో ఒకరి లాప్‌టాప్‌కీ, వరంగల్‌లో ఇంకొకరి టీవీకీ ఒకే 192.168.1.5 ఉన్నా గొడవ రాదు. 172.20.10తో మొదలైతే కంప్యూటర్ ఎవరిదో ఐఫోన్ హాట్‌స్పాట్ మీద నడుస్తోంది. 192.168.43తో మొదలైతే పాత ఆండ్రాయిడ్ ఫోన్ హాట్‌స్పాట్ అయ్యుండే అవకాశం ఎక్కువ. 127.0.0.1 అంటే కంప్యూటర్ తనను తాను పిలుచుకునే నంబరు. ఎవరికి ఇచ్చినా పనికిరాదు.

169.254తో మొదలైతే మాత్రం ఏదో తేడా ఉన్నట్టే. ఇంటి రూటర్‌లో డీహెచ్‌సీపీ అనే ఏర్పాటు ఉంటుంది. కొత్తగా చేరిన ప్రతి పరికరానికీ ఖాళీగా ఉన్న నంబరొకటి చూసి, కొంత గడువుతో ఇవ్వడం దాని పని. కంప్యూటర్ అడిగినా రూటర్ నుంచి ఏ జవాబూ రాకపోతే, విండోస్ తనంతట తానే 169.254లో ఒక నంబరు పెట్టుకుని కూర్చుంటుంది. చూడటానికి నంబరుంది, నెట్ మాత్రం ఉండదు. కేబుల్ వదులైందో, రూటర్ మొరాయించిందో చూసుకోవాలి. బ్రౌజర్ మార్చడం, యాంటీవైరస్ తీసేయడం లాంటి పనులు ఈ స్థితిలో దండగ.

ఈ గడువు వల్లే ఇంకో టెన్షన్. నిన్న పనిచేసిన ప్రింటర్ ఇవాళ 'ఆఫ్‌లైన్' అంటుంది. రాత్రి కరెంటు పోయి వచ్చింది, రూటర్ మళ్లీ నంబర్లు పంచింది, 192.168.1.7గా ఉన్న ప్రింటర్ ఇప్పుడు 192.168.1.9 అయింది. కంప్యూటర్ మాత్రం ఇంకా 7నే పిలుస్తోంది. దీనికి చాలామంది కంప్యూటర్‌లోనో ప్రింటర్‌లోనో నంబరు చేత్తో కొట్టి స్థిరం చేసేస్తారు. పని జరుగుతుంది గానీ, రూటర్‌కి ఆ సంగతి తెలియదు కాబట్టి అదే నంబరుని ఎప్పుడో ఒకనాడు ఇంటికొచ్చిన చుట్టాల ఫోన్‌కి ఇచ్చేస్తుంది. అప్పుడు రెండూ తన్నుకుంటాయి. రూటర్ పేజీలోనే అడ్రస్ రిజర్వేషన్ అన్న చోట ప్రింటర్ మ్యాక్ అడ్రస్‌ని ఒక నంబరుకి కట్టేయడం మేలు. మ్యాక్ అంటే పరికరం తయారైనప్పుడే వేసిన 12 అక్షరాల గుర్తు. ప్రింటర్ కింది స్టిక్కర్ మీద ఉంటుంది. ఫోన్లకైతే ఒక మెలిక: ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్లలో ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు వైఫైకి అసలు మ్యాక్ చెప్పకుండా కల్పించినది చెబుతున్నాయి. రిజర్వేషన్ చేసేముందు రూటర్ జాబితాలో ఏది కనిపిస్తోందో అదే రాసుకోవాలి.

మన ఇళ్లలో నంబర్లు తికమకపెట్టేది ఎక్కువగా రెండు రూటర్ల దగ్గర. ఫైబర్ వాళ్లు కింద హాల్లో ఒక పెట్టె పెట్టి వెళ్తారు. మేడ మీదికి సిగ్నల్ రాదు. బజార్లో ఇంకో రూటర్ కొని, కింది పెట్టె నుంచి కేబుల్ లాగి తగిలిస్తారు. నెట్ వస్తుంది, అందరూ సంతోషం. కానీ పై రూటర్ తన కింద వేరే నెట్‌వర్క్ పెట్టేసుకుంది. కింది ప్రింటర్ 192.168.1.7, పై లాప్‌టాప్ 192.168.0.4. మూడో అంకె దగ్గర 1, 0 తేడా చూడండి. ఈ రెండూ ఇప్పుడు ఒకే ఇంట్లో ఉన్న వేర్వేరు నెట్‌వర్కులు. లాప్‌టాప్‌లో ప్రింటర్ కోసం 'వెతుకు' అంటే దొరకదు. నంబరు చేత్తో కొడితే మాత్రం పై నుంచి కిందికి దారి ఉంటుంది కాబట్టి చాలావరకు పనిచేస్తుంది. కింది కంప్యూటర్ నుంచి పై లాప్‌టాప్‌లోని ఫోల్డర్ తెరవాలంటే కుదరదు, ఎందుకంటే పై రూటర్ లోపలున్నవాటిని దాచేస్తుంది. రెండు రూటర్లూ 192.168.1 వరసే వాడుతుంటే ఇంకా గందరగోళం. మందు చిన్నదే: పై రూటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెడితే నంబర్లు పంచే పని కింది పెట్టె ఒక్కటే చూసుకుంటుంది. రూటర్ కొన్న రోజే ఈ పని చేస్తే సగం ఫిర్యాదులు పుట్టవు. షాపులో ఈ ముక్క చెప్పేవాళ్లు తక్కువ.

ఇక బయటి నంబరు. ఆఫీసు ఇంటర్‌కమ్‌లో ఎవరి ఎక్స్‌టెన్షన్ వాళ్లకున్నా బయటికి చేసే ఫోన్లన్నీ బోర్డు నంబరు మీదే వెళ్లినట్టు, ఇంట్లోని ఫోన్లూ టీవీలూ లాప్‌టాప్‌లూ అన్నీ బయటికి ఒకే నంబరుతో వెళ్తాయి. ఈ మార్పిడి చేసేది రూటర్. దీని పేరు నాట్. లోపలి నంబరు తీసి బయటి నంబరు తగిలించి పంపడం, జవాబు వచ్చినప్పుడు అది ఎవరిదో గుర్తుపెట్టుకుని వాళ్లకే చేర్చడం దీని పని. గుర్తు కోసం ఒక్కో కనెక్షన్‌కీ టోకెన్‌లా వేసే పోర్టు నంబర్లు వాడుతుంది. ఒక్కో అడ్రస్‌కి 65,536 పోర్టులుంటాయి.

ఈ ఏర్పాటు ఎందుకొచ్చిందంటే నంబర్లు చాలక. ఇప్పటికీ నడుస్తున్న ఐపీవీ4 పద్ధతిని 1981లో ఖరారు చేశారు. అందులో ఉన్నవి మొత్తం 429 కోట్ల 49 లక్షల పైచిలుకు నంబర్లు. అప్పట్లో విశ్వవిద్యాలయాలూ పరిశోధనశాలలే వాడేవి కాబట్టి అది తరగని సంపదలా కనిపించింది. 2011 ఫిబ్రవరి 3న ప్రపంచ స్థాయిలో మిగిలిన చివరి 5 పెద్ద వాటాలను, ఒక్కొక్కటి కోటీ 67 లక్షల నంబర్లు, ఐదు ప్రాంతీయ సంస్థలకీ తలొకటి పంచేశారు. వాటిలో అందరికన్నా ముందు అడుగంటింది మన ఆసియా పసిఫిక్ ప్రాంతం వాటాయే, అదే ఏడాది ఏప్రిల్‌లో. అంటే అమెరికా, ఐరోపా కంపెనీలు తొలిరోజుల్లోనే కుప్పలుగా తీసుకుపోయాక, ఇక్కడ ఇంటింటికీ నెట్ వచ్చే వేళకి గంప ఖాళీ. జియో సేవలు మొదలైంది 2016 సెప్టెంబరులో. కోట్లమందికి ఒక్కొక్క బయటి నంబరు ఇవ్వడం అప్పటికి అయ్యే పని కాదు.

దాంతో నెట్ కంపెనీలు ఇంట్లో రూటర్ చేసే పనినే తమ దగ్గర పెద్ద ఎత్తున చేయడం మొదలుపెట్టాయి. దీన్ని సీజీనాట్ అంటారు. ఇంటి రూటర్‌కి ఇచ్చేది కూడా బయటి నంబరు కాదు, కంపెనీ లోపలి నంబరే. ఇందుకోసం 2012లో 100.64 నుంచి 100.127 దాకా ఉన్న వరసను ప్రత్యేకంగా కేటాయించారు. ఒక్కో ఇంటికి వెయ్యి పోర్టులిస్తే ఒక్క బయటి నంబరు మీద 60కి పైగా ఇళ్లు నడపొచ్చు. ఏ తప్పూ చేయని మనిషిని కొన్ని సైట్లు పదేపదే 'మీరు రోబో కాదు కదా' అని బస్సుల బొమ్మలు, సిగ్నల్ లైట్ల బొమ్మలు ఏరమనడం వెనక తరచూ ఇదే ఉంటుంది. ఆ నంబరు మీద ఇంకెవరో అతి చేస్తుంటారు.

తమ ఇల్లు సీజీనాట్ వెనక ఉందో లేదో తేల్చుకోవడం రెండు నిమిషాల పని. రూటర్ పేజీలో వ్యాన్ (WAN, రూటర్‌కి బయటివైపు) లేదా ఇంటర్నెట్ స్టేటస్ అన్న చోట ఒక ఐపీ ఉంటుంది. బ్రౌజర్‌లో ఐపీ చూపించే సైట్ ఇంకొకటి చెబుతుంది. రెండూ ఒకటే అయితే ఆ నంబరు ఆ ఇంటిదే, కనీసం ఈ పూటకి. వేరైతే, ముఖ్యంగా రూటర్‌లోది 100.64 నుంచి 100.127 మధ్య ఉన్నా 10తో మొదలైనా, బయటి నంబరు పదిమందిదీ. (వీపీఎన్ ఆన్‌లో ఉంచి ఈ పరీక్ష చేస్తే ఫలితం చెల్లదు.)

దీనివల్ల దెబ్బతినేది ఎవరంటే, బయటి నుంచి ఇంటికి రావాలనుకునేవాళ్లు. మామూలుగా సినిమాలు చూసేవాళ్లకి తేడా తెలియదు. అమ్మానాన్నలు ఊళ్లో ఉంటారు, పిల్లలు డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉంటారు, గేటు దగ్గర సీసీ కెమెరాలు పెట్టించి అక్కడి నుంచి చూడాలనుకుంటారు. కెమెరాలు బిగించే ఆయన రికార్డర్ పెట్టెకి 192.168.1.64 ఇచ్చి, రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చేవాటిని నేరుగా ఆ పెట్టెకి పంపే ఏర్పాటు) పెట్టి, బయటి నంబరు రాసిచ్చి వెళ్తాడు. ఇంటి వైఫైలో ఉన్నంతసేపూ లోపలి నంబరుతో బొమ్మ చక్కగా వస్తుంది. విమానం దిగాక మాత్రం రాదు. రూటర్‌లో ఎన్ని తలుపులు తెరిచినా, దాని ముందున్న కంపెనీ తలుపు మూసే ఉంది మరి. ఇందుకు మూడు దారులున్నాయి. కంపెనీకి నెలనెలా అదనంగా కట్టి స్టాటిక్ ఐపీ, అంటే మారని సొంత బయటి నంబరు, తీసుకోవడం ఒకటి. రికార్డర్ తయారుచేసినవాళ్ల క్లౌడ్ యాప్ వాడటం రెండోది. ఇందులో పెట్టె తనే బయటికి వెళ్లి కంపెనీ సర్వర్‌తో మాట్లాడుతుంది కాబట్టి సీజీనాట్ అడ్డురాదు, క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే చాలు. ఇప్పుడు ఎక్కువమంది వాడేది ఇదే. కాకపోతే ఇంటి బొమ్మలు ఎవరి సర్వర్ మీదుగా వెళ్తున్నాయో ఆలోచించుకోవాలి, పెట్టెతో వచ్చిన పాస్‌వర్డ్ మొదటిరోజే మార్చాలి. మూడోది ఐపీవీ4 తర్వాత వచ్చిన కొత్త పద్ధతి, ఐపీవీ6.

ఐపీవీ6 దగ్గరికొచ్చేసరికి ఇప్పటిదాకా చెప్పుకున్న లోపల, బయట అన్న గీత చెరిగిపోతుంది. ఇందులో నంబరు 32 బిట్లు కాదు, 128. ఇంట్లోని ఒక్కో పరికరానికీ ప్రపంచంలో ఇంకెక్కడా లేని సొంత నంబరు ఇచ్చేయొచ్చు. పంచుకోవాల్సిన అవసరం లేదు, నాట్ అక్కర్లేదు. జియోలాంటి కంపెనీలు దీన్ని మొదట్నుంచీ పెద్ద ఎత్తున వాడటంతో ఐపీవీ6 వాడకంలో భారత్ ప్రపంచంలో ముందు వరసలో ఉంది. ఈ విషయంలో చాలా ధనిక దేశాలు మన వెనకే ఉన్నాయి. నంబర్ల కరవే ఈ ముందంజకి కారణమైంది.

ఐపీకాన్ఫిగ్ చూపించేవాటిలో ఐపీవీ6 వరసలు రెండు మూడుంటాయి. ఎఫ్‌ఈ80తో మొదలయ్యేది లింక్ లోకల్, ఇల్లు దాటి పోదు. 2తో మొదలయ్యే పొడుగాటివే బయట చెల్లుతాయి. వాటిలో 'టెంపరరీ' అని ఉన్నది మామూలుగా రోజుకొకటి మారుతుంది. ఒకే నంబరు పట్టుకుని సైట్లు మనిషిని వెంబడించకుండా చేసిన ఏర్పాటది. బ్రౌజర్‌లో కనిపించేది దాదాపు ఎప్పుడూ ఈ టెంపరరీదే. కాబట్టి ఐపీ చూపించే సైట్‌లో చుక్కల నంబరు కాకుండా కోలన్ (:) గుర్తులతో పొడుగాటి వరస కనిపించి, అచ్చంగా అదే కమాండ్ ప్రాంప్ట్‌లోనూ ఉంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. అలాగని తలుపులు బార్లా తెరిచి ఉన్నాయని కాదు. బయటి నుంచి వచ్చేవాటిని రూటర్ ఫైర్‌వాల్ ఆపుతుంది, ఆపాలి కూడా. కొన్ని కంపెనీల పెట్టెల్లో దాన్ని సడలించే సెట్టింగ్ కస్టమర్‌కి కనిపించనే కనిపించదు. అప్పుడు కెమెరా కోసం ఐపీవీ6 దారి కూడా మూసుకున్నట్టే.

బయటి నంబరు తెలిస్తే ఇల్లు తెలిసిపోతుందన్న భయం చాలామందికి ఉంది. వెబ్‌సైట్‌కి నేరుగా తెలిసేది ఏ కంపెనీ నెట్ అన్నది, మహా అయితే ఏ ప్రాంతం అన్నది. అది కూడా అంచనాయే. కర్నూలులో కూర్చున్న మనిషిని హైదరాబాద్‌లోనో చెన్నైలోనో చూపించడం మామూలే, ఎందుకంటే కంపెనీ ట్రాఫిక్ ఆ ఊరి మీదుగా బయటికి వెళ్తుంది. ఈ అంచనాలను ఖరారనుకుంటే ఏమవుతుందో అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని ఒక పొలం యజమానులకి తెలిసింది. మ్యాక్స్‌మైండ్ అనే కంపెనీ ఐపీ నంబర్లు ఎక్కడివో చెప్పే పట్టిక అమ్ముతుంది. అమెరికాలోదే గానీ ఏ ఊరో తెలియని నంబరు వస్తే, దేశం నడిమధ్యన 38 డిగ్రీల అక్షాంశం, 97 డిగ్రీల రేఖాంశం దగ్గర గుర్తు పెట్టేది. ఆ గుర్తు పడింది పాట్విన్ అనే చిన్న ఊరి దగ్గర ఒక ఇంటి ముంగిట్లో. 60 కోట్ల నంబర్లు ఆ ఇంటివేనని పట్టిక చెప్పింది. దొంగ మెయిళ్లు వచ్చినవాళ్లూ, పోలీసులూ, పన్నుల అధికారులూ ఏళ్ల తరబడి ఆ ఇంటి తలుపు కొట్టారు. 2016లో విలేకరి ఒకరు కారణం తవ్వితీశాక, కంపెనీ ఆ గుర్తుని జరిపి ఒక జలాశయం మధ్యలో పెట్టింది.

అసలు ఇల్లు ఏదో తెలిసేది నెట్ కంపెనీకి మాత్రమే. ఫలానా వేళ ఫలానా నంబరు ఎవరికిచ్చారన్న రికార్డును మన దేశంలో కనీసం 2 ఏళ్లు దాచాలని 2021 డిసెంబరులో టెలికాం శాఖ లైసెన్సు నిబంధన మార్చింది. చట్టప్రకారం అడిగే సంస్థలకి ఆ వివరాలు ఇస్తారు. సీజీనాట్ వచ్చాక ఇక్కడా ఒక చిక్కు పడింది. ఒకే నంబరు మీద అదే క్షణంలో 60 ఇళ్లు ఉంటే, నంబరు ఒక్కటే చెప్పి ఎవరని అడిగితే కంపెనీ 60 పేర్లు చెప్పాలి. పోర్టు నంబరు, సెకన్లతో సహా సమయం ఉంటేనే ఒక్క ఇల్లు తేలుతుంది. అందుకే సర్వర్లు నడిపేవాళ్లు ఐపీతో పాటు పోర్టు కూడా రాసిపెట్టుకోవాలని 2011 నుంచే ప్రమాణాలు సూచిస్తున్నాయి. చాలామంది ఇప్పటికీ రాయరు.

ఐపీ అడ్రస్ పేరు చెప్పి భయపెట్టే ఫోన్ల గురించి కూడా ఓ మాట చెప్పాలి. 'మీ కంప్యూటర్‌లోకి హ్యాకర్లు వచ్చారు, కావాలంటే మీరే చూడండి' అని, నెట్‌స్టాట్ అనే కమాండ్ కొట్టమంటారు. స్క్రీన్ మీద నాలుగు వరసలు నిలువుగా వస్తాయి: ప్రోటో, లోకల్ అడ్రస్, ఫారిన్ అడ్రస్, స్టేట్. ఆ ఫారిన్ అడ్రస్ కింద ఇరవై ముప్పై నంబర్లు. 'చూశారా, ఇవన్నీ విదేశాల నుంచి వచ్చినవాళ్లు' అంటాడు అవతలివాడు. ఆ వరసలో ఉండేవి అవతలి కొస నంబర్లు, అంతే. బ్రౌజర్‌లో పేపర్ చదువుతున్నా, వాట్సాప్ తెరిచి ఉన్నా, పక్క గదిలో ప్రింటర్‌తో మాట్లాడుతున్నా అక్కడ నంబర్లు వస్తాయి. ఏ కంప్యూటర్‌లోనైనా వస్తాయి. ఆ తర్వాత వాళ్లు అడిగేది ఎనీడెస్క్ లాంటి రిమోట్ యాప్ వేసుకుని, అందులో కనిపించే నంబరు చెప్పమని. అది ఐపీ అడ్రస్ కాదు. 192.168.1.5 అని ఫోన్‌లో ఎవరికి చెప్పినా వాళ్లకి దాంతో పనేమీ జరగదు. యాప్ నంబరు చెప్పి, స్క్రీన్ మీద 'యాక్సెప్ట్' నొక్కితే మాత్రం రూటర్, సీజీనాట్, ఫైర్‌వాల్ అన్నీ దాటుకుని కంప్యూటర్ నేరుగా వాళ్ల చేతిలో ఉంటుంది. అప్పటికే నొక్కేసి ఉంటే మొదట వైఫై ఆపి, తర్వాత బ్యాంకుకీ, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కీ ఫోన్ చేయాలి.